వెళ్లిన వేళ

ఇంటి నుంచి, ముందు గది
జూలై 15, సోమవారం

చెల్లీ,

నువ్వు ఫోను చేశావు. తీయలేదు. ఫోనులో నువ్వు ఏడుస్తావు, నిన్ను ఊరుకోబెడుతూ నేను చెప్పాల్సింది మరిచిపోతాను. ఉత్తరమైతే ఇద్దరం కుదురుగా ఉంటాం.

ఇవాళ పదకొండు గంటలకు పిల్లల సంక్షేమ ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చింది. అప్పుడు పిల్లలకు అరటిపండ్లు ముక్కలు చేసి పెడుతున్నాను. "హాజరు పుస్తకం ఇవ్వండమ్మా" అంది. తలుపు పక్క మేకుకు వేలాడే పుస్తకం తీసి ఇచ్చాను. ఈ ఏడాదిది చాలదట. వెనకటివీ కావాలంది. అటక మీద నుంచి దించాను. మొత్తం పద్దెనిమిది. సంచిలో సర్దుకుని, రసీదు రాసిచ్చి వెళ్లింది.

కారణం చుక్క. మూడేళ్ల పిల్ల, పనికి వెళ్తూ తల్లి నా దగ్గర దింపి వెళ్తుంది. కనుబొమల మధ్య పుట్టుమచ్చ ఉంటుంది, అందుకే ఆ పిలుపు. పోయిన బుధవారం దాని ఎడమ చెయ్యి విరిగింది. జారిపడిందని నాతో చెప్పారు. జారిపడితే అలా విరగదని ఆసుపత్రిలో డాక్టరు అన్నాడట. ఎవరో పట్టుకుని మెలితిప్పితే విరిగే తీరట. "సాయంత్రం ఐదున్నరకు పెద్దమ్మ ఇంటి నుంచి తెచ్చుకున్నాను, అప్పటికే ఏడుస్తోంది" అని తల్లి అక్కడ రాసిచ్చింది. పెద్దమ్మ అంటే నేనే. పిల్లలూ తల్లులూ అందరూ నన్నలాగే పిలుస్తారు.

ఆ పిల్ల మీద నేను చెయ్యి వెయ్యలేదు. ఇది నీకు రాయనక్కర్లేదు. అయినా రాస్తున్నాను.

మిగతా పిల్లలు బాగున్నారు. బొద్దుగాడు ఇవాళ రెండు పండ్లు తిన్నాడు. భయపడకు. ప్రార్థన చేసుకో.

ఇంకొక మాట ఉంది. అది చేతికి రావడం లేదు.

నీ అక్క


ఆఫీసు, రికార్డుల గది
జూలై 19

అక్కా,

"భయపడకు" అని రాసి, కింద "ఇంకొక మాట ఉంది" అని రాస్తే ఎవరైనా భయపడకుండా ఉంటారా? చిన్నప్పుడూ నువ్వింతే. "ఆ మూల ఏమీ లేదు, అయినా దుప్పటి ముసుగెయ్యి" అనేదానివి.

నీ ఉత్తరం అందినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. "మీ అక్క మీద నింద వేసినవాళ్లు బాగుపడరు, నువ్వు తిను" అన్నాడు మీ మరిది. తను మాత్రం మారు అడిగి మరీ తిన్నాడు.

నాకు పుస్తకాల సంగతి తెలుసక్కా. ఇరవై ఆరేళ్లుగా ఈ నీటి సరఫరా ఆఫీసులో పాత రిజిస్టర్ల బూజు పీలుస్తూ బతుకుతున్నాను. "మనిషి మాట మారుస్తాడు, పుస్తకం మార్చదు" అని మా పెద్దాయన రోజూ జపం చేస్తాడు. ఇప్పుడు నిన్ను కాపాడాల్సింది నీ పుస్తకమే. అందుకే అడుగుతున్నాను. అందులో దిద్దుడు ఉందా? కొట్టివేత ఉందా? ఒక అంకె మీద ఇంకో అంకె రాశావా? ఉందంటే నేను నమ్మను. దగ్గు ఏ పూట మొదలైందో కూడా రాసుకునే మనిషివి నువ్వు.

ఆ మాటేదో చెప్పు. నీ నోట్లోంచి మాట ఊడిపడాలంటే ఏడాది పడుతుంది. ఈసారి మాత్రం నా గుండె ఆగకముందే రాయి.

నీ చెల్లి


ఇంటి నుంచి, వంటగది బల్ల
జూలై 23

చెల్లీ,

దిద్దుడు లేదు. కొట్టివేత లేదు. అదే తప్పు.

పుస్తకంలో ఒక్కో పిల్లకు ఒక్కో వరుస. వచ్చిన వేళ, దింపినవారు, ఒంటి మీద దెబ్బలూ మచ్చలూ ఉంటే అవి, వెళ్లిన వేళ, తీసుకెళ్లినవారు, సంతకం. ఏది జరిగినప్పుడు అది గుమ్మం దగ్గరే రాయాలి. నియమం అది.

వెళ్లిన వేళ నేను పొద్దున్నే రాస్తాను.

మొదటి ఏడాది ఒక పిల్లవాడికి ఊపిరి అందక ఆసుపత్రికి పరుగెత్తాను, గుర్తుందా? బతికాడు. మర్నాటి నుంచి పిల్లలందరూ రాగానే పుస్తకం ముందు పెట్టుకుని ఒక్కో పేరు మీద వేలు పెట్టి ప్రార్థించేదాన్ని. సాయంత్రం క్షేమంగా ఇల్లు చేరాలని. అలా అడుగుతూ వెళ్లిన వేళ గడిలో ఐదున్నర అని రాసేదాన్ని. పక్క గడిలో అమ్మతో అని రాసేదాన్ని. రాస్తే మనసు కుదుటపడేది. చాలా రోజులు రాసినట్టే జరిగేది కూడా. ఎవరైనా ముందుగా తీసుకెళ్తే దిద్దాలి కదా అంటావు. చెయ్యి వచ్చేది కాదు. ప్రార్థనను కొట్టేసినట్టు ఉండేది.

సంతకాలు తల్లులు శుక్రవారం నాడు వారానికంతా ఒకేసారి పెట్టేస్తారు. వాళ్లకూ తొందరే.

ఆ బుధవారం చుక్క ఐదున్నరకు వెళ్లలేదు. మధ్యాహ్నం రెండు నలభైకి దాని మేనమామ వచ్చాడు. తల్లికి తమ్ముడు, వాళ్లింట్లోనే ఉంటాడు. పిల్లను తీసుకెళ్లవచ్చని తల్లి ఇచ్చిన పేర్లలో అతనిదీ ఉంది. "అక్క పెందలాడే తెమ్మంది పెద్దమ్మా" అన్నాడు. చుక్క అప్పుడే పరుపు మీద ఒరిగింది. లేపి, చెప్పులు తొడిగి పంపాను. రెండు చేతులూ బాగున్నాయి. దానిది ఎడమచేతి వాటం. టాటా చెప్పింది ఆ చేత్తోనే.

పుస్తకంలో మాత్రం ఐదున్నర, అమ్మతో. చివరి గడిలో తల్లి సంతకం.

కవలలు సోమవారం నుంచి రావడం లేదు. "కొన్నాళ్లు ఊరెళ్తున్నాం పెద్దమ్మా" అన్నాడు వాళ్ల నాన్న. నిన్న ముగ్గురినీ కూరగాయల షాపు దగ్గర చూశాను.

నీ అక్క


ఆఫీసు, రికార్డుల గది
జూలై 27

అక్కా,

మూడుసార్లు చదివాను. నాలుగోసారి చదవడానికి ధైర్యం చాల్లేదు. ప్రార్థనకు నీకు ఇంట్లో ఇన్ని మూలలుండగా సర్కారువారి గడే దొరికిందా?

ఇప్పుడు చెప్పేది విను. రిజిస్టర్లు చదవడం తెలిసినవాళ్లు అంకెలు ముందు చూడరు, సిరా చూస్తారు. నువ్వు పొద్దున బల్ల దగ్గర కూర్చుని నీలం కలంతో రాస్తావు. తల్లులు గుమ్మం దగ్గర దారం కట్టి వేలాడదీసిన నల్ల కలంతో సంతకం పెడతారు. పద్దెనిమిదేళ్లపాటు వెళ్లిన వేళలన్నీ నీలం, అన్నీ ఒకే ఊపులో, కుదురుగా! సాయంత్రం అయిదుగురు పిల్లలు కాళ్లకు చుట్టుకుంటుంటే ఎవరి రాతైనా అంత గుండ్రంగా ఉంటుందా? ఆ ఆఫీసు ఆవిడ కళ్లద్దాలు సవరించుకునేదాకానే నీ గుట్టు.

కాబట్టి నువ్వు నోరు విప్పకు. అది నీకు కష్టం కాదులే. పుస్తకం ఐదున్నర అంటోంది, తల్లి ఐదున్నర అంటోంది. సరే, ఐదున్నరే. పిల్ల నీ ఇంటి నుంచి నవ్వుతూ వెళ్లింది అంటే చాలు. ఆ తరువాత ఏమైందో వాళ్లే చెప్పుకుంటారు. రెండు నలభై అన్నావో, నీ పుస్తకాలన్నీ చిత్తు కాగితాలు. లైసెన్సు పోతుంది. దొంగ హాజరు రాశావని కేసు పెడితే? జైలంటే ఎలా ఉంటుందో నీకు తెలుసా? నాకూ తెలియదు, అదే నా భయం.

అమ్మ పోయాక నాకు జడ వేసింది నువ్వు. నాకున్నది నువ్వొక్కదానివి.

నువ్వు ఊరికే ఉండు. నేను చూసుకుంటాను.

నీ చెల్లి


ఇంటి నుంచి, వంటగది బల్ల
ఆగస్టు 1

చెల్లీ,

నిన్న చుక్కను చూశాను.

ఆ ఇంటి వైపు వెళ్లవద్దని ఆఫీసు ఆవిడ చెప్పింది. ఎదురుగా ఉన్న మందుల షాపుకు వెళ్లాను. మందులేమీ అక్కర్లేదు. దగ్గు బిళ్లలు కొన్నాను. చుక్క మెట్ల మీద మేనమామ ఒళ్లో ఉంది. చేతికి మోచెయ్యి దాటేదాకా తెల్లటి కట్టు. వీధిలో పోయే కుక్కను కూడా పేరు పెట్టి పిలిచే పిల్ల అది. నన్ను చూసింది. పిలవలేదు. అతను ఫోను చూసుకుంటున్నాడు. అతను కాస్త కదిలినా దాని భుజం బిగుసుకుంటోంది.

ఇంటికి వచ్చి చూస్తే బిళ్లల పొట్లం నా గుప్పిట్లో పిండి అయిపోయి ఉంది.

మే నెలలో ఒకరోజు దాని మోచేతి పైన నీలిమచ్చ ఉంది. "మంచం కోడు తగిలింది" అంది తల్లి. రాశాను. జూన్‌లో చెవి వెనక గీరుడు. అదీ రాశాను. అవి గుమ్మం దగ్గర నిలబడి, చూసి రాసినవి. అయితే పక్క గడి అబద్ధమని తేలాక ఈ గడిని ఎవరు నమ్ముతారు? ఆ పిల్ల తరఫున మాట్లాడగలిగింది ఆ పుస్తకమొక్కటే. దాని నోరు నేనే నొక్కాను.

నీకు రాయనిది ఇంకొకటి ఉంది. ఆ శుక్రవారం చుక్క తల్లి వారం సంతకాలకు వచ్చినప్పుడు పుస్తకం తెరిచి ఇచ్చింది నేనే. బుధవారం గడిలో ఐదున్నర నాకు కనిపించింది. అప్పటికి చెయ్యి విరిగిందని తెలుసు. "ఆగమ్మా, ఇది దిద్దాలి" అనవచ్చు. సిగ్గేసింది. ముందే రాసి పెడతానని ఆవిడకు తెలిసిపోతుంది. ఆవిడ వేలు కూడా ఆ గడి మీద ఆగింది. నా ముఖంలోకి చూసింది. నేను కిటికీ వైపు చూశాను. ఆవిడ సంతకం పెట్టేసింది. ఆ అబద్ధం ఆవిడ చేతికి అందించింది నేనే.

నువ్వు చెప్పినట్టు చేస్తే నేను బయటపడతాను. చుక్క ఆ మెట్ల మీదే, ఆ ఒళ్లోనే ఉంటుంది.

సోమవారం ఆఫీసుకు వెళ్లి రెండు నలభై అని చెబుతాను. నాకు భయం ఉండదని నువ్వనుకుంటావు. ఈ ముక్క రాసి రెండుసార్లు చించేశాను.

"నేను చూసుకుంటాను" అన్నావు. ఏం చూసుకుంటావు?

నీ అక్క


ఆఫీసు, రికార్డుల గది
ఆగస్టు 3, శనివారం

అక్కా,

ఇప్పుడే నీ ఉత్తరం చూశాను. ఇది సోమవారానికి నీకు అందదని తెలుసు. నాలుగుసార్లు ఫోను చేశాను, నువ్వు తీస్తేగా!

జూలై 29న మీ సంక్షేమ ఆఫీసుకు నేనొక ఉత్తరం పంపాను. ఆకాశరామన్న ఉత్తరం కూడా కాదు. నా పేరు, నా సంతకం, రిజిస్టరు పోస్టు. ఆ బుధవారం నేను నీ ఇంట్లోనే ఉన్నాననీ, ఐదున్నరకు తల్లి వచ్చి పిల్లను తీసుకెళ్లడం నా కళ్లతో చూశాననీ, పిల్ల గెంతుకుంటూ వెళ్లిందనీ రాశాను. ఎర్ర చెప్పులు వేసుకుందని కూడా రాశాను. ఆ ఎర్ర చెప్పులు ఎక్కడి నుంచి వచ్చాయో నాకే తెలియదు. అబద్ధానికి చెప్పులు తొడిగితే నిలబడుతుందనుకున్నాను.

తిట్టు. ఏమైనా అను. సోమవారం మాత్రం వెళ్లకు.

వెళ్తావు. నాకు తెలుసు.

నీ చెల్లి


ఇంటి నుంచి, ముందు గది
ఆగస్టు 6

చెల్లీ,

నీ ఉత్తరం ఇవాళ అందింది. సంగతి నిన్ననే తెలిసింది.

ఆఫీసులో ఆవిడ ఎదురుగా కూర్చోబెట్టింది. బల్ల మీద నా పుస్తకాలు, వాటి మధ్య చీటీలు. రెండు నలభై అని చెప్పాను. పొద్దున్నే రాస్తానని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. ఆవిడ కలం ఆగింది.

"ప్రార్థనా?"

"అవునమ్మా."

"పద్దెనిమిదేళ్లుగా?"

"అవును."

"అయితే వీటిలో ఏ పిల్ల ఎప్పుడు వెళ్లిందో ఎవరికీ తెలియదన్నమాట."

"చాలా రోజులు ఐదున్నరేనమ్మా."

"చాలా రోజులతో నాకు పనిలేదు. ఒక్క రోజుతోనే పని."

అప్పుడు ఫైలులోంచి నీ ఉత్తరం తీసింది. తలకిందులుగా ఉన్నా నీ చేతిరాత గుర్తుపట్టాను. పలక మీద వేలు పట్టి దిద్దించింది నేనే కదా.

"తల్లి ఐదున్నర అంటోంది. మీ చెల్లెలు ఐదున్నర అంటోంది. మీ పుస్తకం, మీ చేత్తోనే, ఐదున్నర అంటోంది. మిగతా తల్లిదండ్రులను అడిగాను. ఎవరి పిల్లను వాళ్లు చూసుకున్నారు, ఇంకెవరూ గుర్తులేరట. రెండు నలభై అంటున్నది మీరొక్కరే. మీ తప్పు ఆ కుర్రాడి మీదకు తోస్తున్నారని నేనంటే ఏం చెబుతారు?"

ఆవిడ నీ ఉత్తరాన్ని నా వైపు తిప్పింది.

"మీ చెల్లెలు అబద్ధం రాసిందంటారా?"

ఉత్తరం చివరన నీ సంతకం మీద వేలు పెట్టాను.

"అబద్ధమేనమ్మా. నాకోసం రాసింది."

"రుజువు?"

"ఆ రోజు అది తన ఊళ్లో, తన ఆఫీసులో ఉంది."

ఆవిడ అది రాసుకుంది. నేను వచ్చేశాను.

చుక్క తల్లిని నేను తిట్టుకోలేకపోతున్నాను. ఆవిడ తమ్ముడి కోసం చెప్పింది, నువ్వు అక్క కోసం చెప్పావు. ఇద్దరిదీ ప్రేమే. నలిగింది ఆ పిల్ల చెయ్యి.

మీ ఆఫీసు హాజరు పుస్తకంలో జూలై 10 తీసి చూడు. పంపమని అడగను. అడిగితే నువ్వు కాదనలేవు. ఉద్యోగం నీది. చూడు, అంతే.

నీ అక్క


ఆఫీసు, రికార్డుల గది
ఆగస్టు 12

అక్కా,

నాలుగు రోజులు నీతో మాట్లాడలేదు. మనసులో కూడా మాట్లాడలేదు. నీ చేత్తో పెంచినదాన్ని నీ నోటితోనే అబద్ధాలకోరును చేసి వచ్చావు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని అప్పుడే అన్నానా?" అని ఇంట్లో మీ మరిది ఒకటే సాధింపు. అప్పుడు అనలేదు. ఇప్పుడు అంటున్నాడు.

జూలై 10 తీసి చూశాను. రాక తొమ్మిది యాభై, పోక ఐదూ పదిహేను, రెండుసార్లూ నా సంతకం. ఆ రోజే రికార్డుల గదిలో పైపు పగిలింది. తడిసిన రిజిస్టర్లు మోసుకెళ్లి డాబా మీద ఆరబెట్టాం. ఆఫీసంతా నన్ను చూసింది, నా తిట్లు విన్నది.

ఆ పేజీ ముందు పెట్టుకుని కూర్చున్నాను. పిల్ల భుజం బిగుసుకుందని రాశావు చూడు, అది నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు. చిన్నాన్న అడుగు గుమ్మంలో పడితే మనమూ అలాగే బిగుసుకునేవాళ్లం. దాని గురించి మనం ఎన్నడూ మాట్లాడుకోలేదు. నువ్వు నా ముందుకొచ్చి నిలబడేదానివి. నీ వీపు తప్ప నాకేమీ కనపడేది కాదు. ఆ పిల్లకు ముందు నిలబడే వీపు ఎవరిదక్కా?

పెద్దాయన దగ్గరికి వెళ్లి ఆ పేజీ నకలు కావాలన్నాను. "దేనికి?" అన్నాడు. మొత్తం చెప్పేశాను. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"పుస్తకం మాట మార్చదని ఇరవై ఏళ్లుగా ఈ గదిలో చెబుతున్నాను. ఇన్నాళ్లకు ఒక్కదానివి విన్నావు. అదీ నీ మెడకే చుట్టుకునేలా విన్నావు" అన్నాడు.

నకలు మీద ముద్ర వేశాడు. ఆ చేత్తోనే నాకు మెమో కూడా ఇచ్చాడు. దాని మీదా అదే ముద్ర.

నకలూ, నేను రాసింది అబద్ధమని ఒప్పుకుంటూ ఉత్తరమూ ఇవాళ పంపాను. చిరునామా తప్పు రాసి రెండు కవర్లు పాడుచేశాను. ఎర్ర చెప్పుల సంగతి కూడా ఒప్పుకున్నాను. అది రాస్తుంటేనే ఎక్కువ సిగ్గేసింది.

నీ చెల్లి


ఇంటి నుంచి, గుమ్మం దగ్గర
ఆగస్టు 22

చెల్లీ,

నీ కాగితాలు అందాయట. నా లైసెన్సు నిలిపివేశారు. మిగిలినవాడు బొద్దుగాడొక్కడే. వాళ్లమ్మ వచ్చి పరుపూ గ్లాసూ తీసుకెళ్లింది. "లేపొత్తా పెద్దమ్మా" అన్నాడు వాడు.

మొన్న మధ్యాహ్నం చుక్క తల్లి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. మెట్టు మీదే నిలబడింది.

"మీ చెల్లెలి ఉత్తరాలు నాకు చూపించారు పెద్దమ్మా. మొదటిదీ రెండోదీ పక్కపక్కన పెట్టి."

నేను గడప మీద కూర్చున్నాను.

"సొంత అక్క కోసం ఆడిన అబద్ధాన్ని ఎవరైనా వెనక్కి తీసుకుంటారా? ఆవిడ ఉద్యోగం ఏమవుతుంది?"

"తెలియదమ్మా."

"వాడిని నేను చంకనేసుకుని పెంచాను పెద్దమ్మా. కోపం వస్తే మనిషి కాడు, తరువాత ఏడుస్తాడు. ఇంక చెయ్యనని ఒట్టేశాడు. నన్నేం చెయ్యమంటారు?"

నాకు ఒక్కటే తోచింది. "చుక్క ఇప్పుడు ఎవరి దగ్గరుందమ్మా?" అన్నాను.

ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు. వెనక్కి తిరిగి పరుగెత్తింది. చెప్పు ఒకటి జారి నా మెట్టు మీదే పడిపోయింది. ఆగలేదు.

నేనూ వెనకే వెళ్లాను. వీధి మలుపు దాకా వెళ్లేసరికి ఆవిడ కనిపించలేదు. ఇంటికి వచ్చి ఆఫీసు ఆవిడకు ఫోను చేశాను. "మేం చూస్తాం, మీరు రావద్దు" అంది.

రెండు రోజులైంది. ఏమీ తెలియదు. చెప్పును గుమ్మం పక్కన పెట్టాను. ప్రార్థనకు కూర్చుంటే మాటలు రావడం లేదు. ఆ చెప్పునే చూస్తున్నాను.

నీ అక్క


ఆఫీసు, కౌంటరు
ఆగస్టు 26

అక్కా,

ఏమైంది? ఒక్క ముక్క రాయి. కార్డు మీద రాయి. ఫోనైనా ఎత్తు, నేను ఏడవను.

నన్ను రికార్డుల గది నుంచి తీసి ఫిర్యాదుల కౌంటరులో వేశారు. ఇదే శిక్ష. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్లు రాలేదని జనం నన్ను తిడతారు. తిట్టనీ. ప్రతి ఆడమనిషి చంకలో పిల్లను చూసి చేతులు చూస్తున్నాను, రెండూ ఉన్నాయా అని. నిన్న ఒకావిడ "నీళ్ల సంగతి అడిగితే నా పిల్లనెందుకు చూస్తావు?" అని కసిరింది.

పిల్ల ఎలా ఉంది?

నీ చెల్లి


ఇంటి నుంచి
ఆగస్టు 28

చెల్లీ,

పిల్ల క్షేమం.

తల్లి వెళ్లేసరికి చుక్క బల్ల కింద దూరి ఉందట. మేనమామ టీవీ చూస్తున్నాడు. ఏమీ చెయ్యలేదు. ఎంతసేపటి నుంచి అలా దూరి ఉందో అతనికే తెలియదు. తల్లి దాన్ని బల్ల కింది నుంచి తీసి, చంకనేసుకుని, ఒంటి చెప్పుతోనే సంక్షేమ ఆఫీసుకు నడిచింది. దారిలో ఆఫీసు ఆవిడే ఎదురైంది.

తల్లి అంతా చెప్పింది. ఆ రోజు తను పనిలో ఉంది, పెందలాడే తెమ్మని ఎవరినీ పంపలేదు. ఇంట్లో పిల్ల మారాం చేస్తే అతను చెయ్యి పట్టి తిప్పాడు. పిల్లను తెచ్చేశానని ఫోను చేశాడే గానీ, ఆరింటికి తల్లి నేరుగా ఇంటికి వచ్చేదాకా దాన్ని అలాగే ఉంచాడు.

అతనిప్పుడు ఆ ఇంట్లో లేడు. మిగతాది తేల్చేవాళ్లు తేలుస్తారు.

ఫోను ఎత్తనందుకు కోపగించుకోకు. ఈసారి ఏడ్చేది నేను.

నీ అక్క


ఇంటి నుంచి, ముందు గది
అక్టోబరు 14

చెల్లీ,

ఉత్తర్వు వచ్చింది. లైసెన్సు ఏడాదిపాటు రద్దు. ఆ తరువాత కొత్తగా అర్జీ పెట్టుకోవచ్చు. ఇస్తారో లేదో తెలియదు. పాత పుస్తకాలు పదిహేడు తిరిగి ఇచ్చారు. ఈ ఏడాదిది ఉంచుకున్నారు. నీలిమచ్చా చెవి వెనక గీరుడూ రాసిన గళ్లను సాక్ష్యంగా తీసుకున్నారట. అవి నల్ల కలంతో, వంకరటింకరగా ఉన్నాయి. నిలబడి రాసినట్టు తెలుస్తోందని ఆఫీసు ఆవిడ అంది. నువ్వు చెప్పిందే. సిరా చూసింది.

ఇవాళ చుక్క వచ్చింది. కట్టు తీసేశారు. ఎడమ చెయ్యి కుడిదానికన్నా సన్నబడింది. తల్లి బ్యాంకులో పని చూసుకుని పదకొండింటికి వస్తానంది. "నాకు అనుమతి లేదమ్మా" అన్నాను. "పెద్దమ్మను చూడ్డానికి వచ్చింది, అంతే" అంది. ఇన్నాళ్లూ గుమ్మం పక్కనున్న చెప్పును సంచిలో వేసుకుని వెళ్లింది.

చూడ్డానికే వచ్చినా నాకు చెయ్యి ఊరుకోలేదు. ఒక కాగితం మీద గళ్లు గీశాను. వచ్చిన వేళ: పదీ ఐదు. దింపినవారు: అమ్మ. దెబ్బలు, మచ్చలు: కొత్తవి లేవు.

తరువాతి గడి ఖాళీగా ఉంది.

దాన్ని చూస్తూ కూర్చున్నాను చెల్లీ. వేళ్లు కలం వైపు పోతున్నాయి. రాస్తే ఈ దడ తగ్గుతుంది, నాకు తెలుసు. పద్దెనిమిదేళ్లు ఈ దడ పడలేకే రాశాను. దానికి ప్రార్థన అని పేరు పెట్టుకున్నాను. ఇప్పుడు గడి ఖాళీగా వదిలేసి అడుగుతున్నాను. ఇలా అడగడం కష్టంగా ఉంది.

చుక్క కాసేపు బల్ల కింద కూర్చుంది. నేనూ కిందే కూర్చున్నాను, కాస్త ఎడంగా. తరువాత తనే వచ్చి నా పక్కన చేరింది. బొద్దుగాడి పరుపు ఏదని అడిగింది.

పదకొండు అయింది. తల్లి రాలేదు.

పదకొండూ ఇరవై. బయట ఎవరిదో అడుగు వినిపించింది. చుక్క నా చీర కుచ్చిళ్లు పట్టుకుంది. అడుగు ముందుకు వెళ్లిపోయింది. ఇద్దరం ఊపిరి వదిలాం. గడి ఇంకా ఖాళీగానే ఉంది. నీతో మాట్లాడుతూ ఉంటే చెయ్యి అటు పోదని రాస్తున్నాను.

గేటు చప్పుడు.

పదకొండూ ముప్పై ఐదు. అమ్మతో.

ఈ నాలుగు ముక్కలూ గుమ్మం దగ్గర నిలబడి, నల్ల కలంతో రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే అందుకే. మలుపు తిరిగేముందు చుక్క వెనక్కి చూసి టాటా చెప్పింది. ఎడమ చేత్తోనే.

నీ అక్క